గాజుతొట్టిలోకి కొత్త మొక్క

ఉద్దానమనే మాట ఉద్యానమనే మాటనుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య పుట్టి పెరిగినవారికి మొక్కను గూర్చి మరొకరు చెప్పవలసిన పని లేదు. అయినా ఈనాడు నేను మనవి చేయబోయేది నేలమీది మొక్కను గూర్చి కాదు, నీటిలోని మొక్కను గూర్చి. అదీ చెరువులోని మొక్క కాదు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి వంటి పట్టణాలలో ఇంటి ముందు గదిలో, బల్లమీద, అక్వేరియం అనే పేరుతో వెలుగుతున్న గాజుతొట్టిలోని మొక్క.

సంతలో కొన్న ఎద్దును తోలుకువచ్చి, ఆ పూటనే పాత పశువుల సరసన కట్టివేసే రైతు తెలివిగలవాడనిపించుకోడు. కొన్నాళ్లు వేరుగా కట్టి, మేత తింటున్నదా, నోటివెంట చొంగ కారుతున్నదా, గిట్టల నడుమ పుండ్లున్నవా అని చూచిన తరువాతనే కొట్టంలోకి తీసుకువస్తాడు. గాజుతొట్టి పెట్టుకున్నవారిలో కొత్త చేప విషయమున ఈ జాగ్రత్త పాటించేవారు కొందరున్నారు. కొత్త మొక్క విషయమున పాటించేవారు అరుదు. "మొక్కే కదా, అదేమి చేస్తుంది?" అనుకుంటాము. నేనూ అట్లే అనుకున్నాను.

మా ఇంటి సంగతే చెబుతాను. కొన్నేండ్ల క్రిందట మా మనుమరాలి కోరికమీద ఒక చిన్న తొట్టి అమర్చాము. అందులో పన్నెండు గప్పీ చేపపిల్లలను విడిచాము. పచ్చదనముంటే బాగుంటుందని ఊరి చెరువునుండి గుప్పెడు నాచు తెచ్చి, కుళాయి క్రింద ఒకసారి జాడించి అందులో వేశాను. నెలన్నరపాటు చూడ ముచ్చటగా ఉన్నది. తరువాత చేపపిల్లలు ఒక్కొక్కటే తగ్గనారంభించినవి. చచ్చిన చేప పైకి తేలడం లేదు. రోగచిహ్నమేదీ లేదు. "తాతా, చేపలెక్కడికి పోతున్నాయి?" అని పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేకపోయినది. ఒకనాటి రాత్రి దీపం పట్టి చూస్తే నాచు మొదట్లో మట్టిరంగు పురుగొకటి కదలక మెదలక కూర్చుండి ఉన్నది. దాని నోట చేపపిల్ల ఉన్నది. అది తూనీగ పిల్లపురుగు. మన పిల్లలు తోకకు దారం కట్టి ఆడుకునే తూనీగ తన బాల్యమంతా నీటి అడుగుననే గడుపుతుంది, చిక్కిన ప్రాణినల్లా తింటుంది. కొన్ని జాతుల తూనీగలు నీటిమొక్కల కాడను చీల్చి, ఆ చీలికలో గ్రుడ్లు పెడతాయి. ఆ గ్రుడ్డు నాచు కాడలో దాగి, నా చేతులమీదుగానే మా ఇంటికి వచ్చినది. పన్నెండు చేపలలో అయిదు మిగిలినవి. ఆ పిల్ల నన్నొక మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించినది.

ఆనాడు నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే. నీటిమొక్క ఎన్నడూ ఒంటరిగా రాదు. తాను పుట్టిన చెరువులో కొంతభాగాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆకు అడుగున సగ్గుబియ్యపు జావవలె అంటుకుని ఉండే నత్త గ్రుడ్లు, వేళ్ల నడుమ జలగ పిల్లలు, కంటికి కనబడీ కనబడని హైడ్రాలు, ఆవగింజకంటె కాస్త పెద్దవైన ఆకులతో నీటి పైభాగమంతా కప్పివేసే లెమ్నా, దారాలవంటి పాచిపోగులు, ఇవన్నీ ఆ పరివారంలోనివే. వీటికి తోడు తెల్లమచ్చ రోగపు సూక్ష్మజీవి ఒకటి. చేపల ఒంటిమీద ఉప్పురవ్వలు చల్లినట్లు కనబడే ఈ రోగపు క్రిమి చేపను విడిచి, మొక్క ఆకుమీదనో రాతిమీదనో తిత్తి కట్టుకుని, అందులో వందలుగా విభజన చెంది, మళ్లీ చేపను వెదకుకుంటూ బయలుదేరుతుంది. రోగమున్న చేపల తొట్టిలో పెరిగిన మొక్క ఆ తిత్తులను మోసుకురాగలదు.

మన ప్రాంతానికి ఈ మొక్కలు రెండు దారుల వస్తున్నవి. ఒకటి మన ఊరి చెరువు, కాలువ. రెండవది రైలుమార్గం. హౌరానుండి చెన్నైకి పోయే ప్రధాన మార్గంమీద పలాస ఉన్నది. ఆ మార్గానికి ఒక కొసన కలకత్తాలో గాలిఫ్ వీధి ఆదివారపు సంత, మరొక కొసన చెన్నైలో కొళత్తూరు అంగళ్లు అలంకారపు చేపలకూ మొక్కలకూ పేరుపొందినవి. చెరువు మొక్కతో పురుగూ జలగా వస్తాయని ఎవరైనా ఊహించగలరు. కాని అంగడి మొక్క శుభ్రమైనదనుకోవడం పొరబాటు. అక్కడ ఒకే నీటిలో అనేక ఊళ్లనుండి వచ్చిన మొక్కలు కలిసి ఉంటాయి. కొన్నింటిని నీటి వెలుపల తడినేలలో పెంచి, పురుగుమందు కొట్టి అమ్మకానికి పంపుతారు. ఆ మందు శేషం చేపకు హాని చేయకపోయినా, తొట్టిలోని చిన్న రొయ్యలను రాత్రికి రాత్రే చంపగలదు. ప్రయోగశాలలో గాజుబుడ్డిలో, క్రిమిరహితమైన జిగురు ఆహారంమీద పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలకు మాత్రం ఈ భయం దాదాపుగా లేదు. ఆ జిగురును కడిగివేసి నాటుకొనవచ్చు.

మరి మిగిలిన మొక్కలకు చేయవలసినదేమిటి? కొన్నాళ్లు వేరుగా ఉంచడం. దీనినే క్వారంటైన్ అంటారు. ప్లేగు భయంతో 1377లో ఏడ్రియాటిక్ తీరపు రగూసా నగరం, నేటి దుబ్రోవ్నిక్, రోగమున్న ప్రాంతాలనుండి వచ్చినవారిని ముప్పది దినాలు వేరుగా ఉంచాలని శాసించినది. తరువాత ఆ గడువు నలుబది దినాలైనది. ఇటలీ భాషలో నలుబదికి ఉన్న పేరే ఈ మాటకు మూలం. ఒకప్పుడు ఇది మనకు పరాయి మాట. 2020లో గుజరాత్‌లోని వేరావల్ రేవునుండి తిరిగివచ్చిన మన మత్స్యకారులు క్వారంటైన్ కేంద్రాలలో రోజులు లెక్కపెట్టుకున్న తరువాత, ఆ మాట అర్థం మన తీరపు గ్రామాలలో చిన్నపిల్లలకు సైతం తెలిసిపోయినది.

నీటిప్రాణుల విషయంలో కూడ ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. 1994లో తెల్లమచ్చ వైరస్ మన తూర్పుతీరపు రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టినది. ఇది ఇంతకుముందు చెప్పిన చేపల తెల్లమచ్చ కాదు, పేరొకటే గాని రోగం వేరు. ఆ దెబ్బ తిన్న అనుభవంతోనే, 2009లో వనామీ రొయ్యను దేశంలోనికి అనుమతించినప్పుడు, విదేశాలనుండి వచ్చే తల్లిరొయ్యలను చెన్నై వద్ద నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించిన మీదటనే హేచరీలకు పంపే ఏర్పాటు చేశారు. కోట్ల రూపాయల వ్యాపారానికి అవసరమైన జాగ్రత్త, పిల్లలు ప్రేమతో పెంచుకునే నాలుగు చేపలకు అక్కరలేదా?

ఇంటిలో దీనికి కావలసినది పెద్ద సామగ్రి కాదు. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టె, లేదా పాత గాజుజాడీ చాలును. మొక్క ఇంటికి రాగానే కట్టిన దారాన్ని, సీసపు పట్టీని, వేళ్లచుట్టూ ఉన్న ఉన్నివంటి పదార్థాన్ని తీసివేయవలెను. కుళ్లిన ఆకులను, నల్లబడిన వేళ్లను కత్తిరించవలెను. తరువాత ఒక తెల్లని పళ్లెంలో నీరు పోసి, అందులో మొక్కను మెల్లగా ఆడించవలెను. పళ్లెం తెల్లనిదై ఉండాలనడం ఊరక కాదు. రాలిపడిన పురుగు, జలగ, నత్త ఆ తెలుపుమీద వెంటనే కనబడతాయి. ఆకులను ఒక్కొక్కటిగా త్రిప్పి చూచి, జిగురు ముద్దలుంటే వ్రేలితో గీకివేయవలెను. ఈ విధంగా మూడు నీళ్లు మార్చి కడిగిన తరువాత మొక్కను వేరు తొట్టెలో ఉంచవలెను. అందులో చేప ఉండరాదు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉన్నయెడల ఆ నీటిని ముందు రాత్రి బకెట్టులో పట్టి ఉంచుకోవడం మంచిది. తొట్టెను వరండాలో వెలుతురు తగిలే చోట పెట్టవలెను గాని, మే నెల ఎండలో పెడితే నీరు కాగి మొక్క ఉడికిపోతుంది.

ఎన్నాళ్లు ఉంచవలెను? నాలుగు వారాలు. ఈ లెక్కకు కారణమున్నది. తెల్లమచ్చ క్రిమి తిత్తి మన వేడి నీళ్లలో ఒకటి రెండు రోజులలోనే పగులుతుంది. బయటపడిన పిల్లక్రిములకు రెండు మూడు రోజులలో చేప దొరకకపోతే అవి నశిస్తాయి. కనుక ఆ రోగానికి ఒక వారమే చాలును. నత్త గ్రుడ్లు పొదగడానికి ఒకటినుండి మూడు వారాలు పడుతుంది. కాడలో దాగిన తూనీగ గ్రుడ్లలో అనేకం కూడ ఈ నాలుగు వారాల లోపుననే బయటపడతాయి. పురుగుమందు శేషం సైతం నీరు మార్చినకొద్దీ తగ్గిపోతుంది. కడగడంవలన పోయేది కంటికి కనబడేది మాత్రమే. కనబడనిదాన్ని పోగొట్టేది కాలమే. మనమెన్ని మందులు వాడినా, చేపలేని నీటిలో గడిచిన ఆ నాలుగు వారాలకు సాటి రావు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. చేపలేని నిలవనీరు మన జిల్లాలో మొట్టమొదట ఆకర్షించేది దోమను. రోగాన్ని ఆపబోయి దోమలను పెంచినవారము కాకూడదు. కనుక వేరుతొట్టెపై దోమతెర గుడ్డ బిగించి కట్టవలెను. మూడు నాలుగు రోజులకొకసారి నీటిని పూర్తిగా పారబోసి, తొట్టె గోడలను రుద్ది, కొత్త నీరు పోయవలెను. ముఖ్యంగా అంతరతామరను తెచ్చుకునేవారు జాగ్రత్త వహించాలి. మాన్సోనియా అనే దోమ ఆ ఆకుల అడుగున గ్రుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగు ఇతర దోమపిల్లలవలె పైకి వచ్చి గాలి పీల్చదు. మొక్క వేరులో తన గొట్టాన్ని గ్రుచ్చి, అక్కడి గాలితోనే బ్రతుకుతుంది. కేరళలో ఒక విధమైన బోదకాలును వ్యాపింపజేసినది ఈ జాతి దోమయే. బోదకాలు బాధ ఎట్టిదో తీరవాసులకు చెప్పనక్కరలేదు.

కొందరు ఓపిక లేక మందునీటిలో ముంచితే చాలదా అని అడుగుతారు. సాయంగా వాడుకొనవచ్చును. అన్నిటికంటె సౌమ్యమైనది పటిక. బురదనీటిని తేర్చడానికి మన ఇళ్లలో వాడే పటికనే పొడిచేసి, లీటరు నీటికి ఒక చిన్న చెంచాడు కరిగించి, రెండు మూడు గంటలు మొక్కను అందులో ఉంచితే చిన్న నత్తలనేకం రాలిపోతాయి. గ్రుడ్లు మాత్రం అంత త్వరగా చావవు. రెండవది ఉప్పు. నౌపడ ఉప్పు మన ముంగిటనే పండుతున్నది గదా. లీటరు నీటికి సుమారు 60 గ్రాముల కల్లుప్పు కరిగించి, వేళ్లు తడవకుండా మొక్కను తలక్రిందుగా పట్టి, 15 సెకన్లు ముంచి, వెంటనే మంచినీటిలో కడిగివేయవలెను. జలగలు పట్టు విడుస్తాయి. దళసరి ఆకుల అనుబియాస్, జావా ఫెర్న్ వంటివి దీనికి తట్టుకుంటాయి. పలుచని ఆకుల వాలిస్నేరియా, కబోంబా తట్టుకోలేవు.

బ్లీచింగు పొడిని మాత్రం వాడవద్దని నా మనవి. పుస్తకాలలో చెప్పే కొలతలు సీసాలో అమ్మే ద్రవానికి సంబంధించినవి. మన వీధులలో చల్లే పొడి బలం డబ్బా డబ్బాకూ మారుతుంది, నిలవ ఉన్నకొద్దీ తగ్గుతుంది. అంచనా తప్పితే మొక్క మాడిపోతుంది, లేదా విషం తొట్టిలోకి పోతుంది. మైలుతుత్తం సంగతి చెప్పనే అక్కరలేదు. అది నత్తతో పాటు రొయ్యనూ చంపుతుంది. అంతేగాక వాడిన మందునీరు ఎక్కడికి పోతుందని కూడ ఆలోచించాలి. ఉద్దానంలో నీటి మాట తేలికైన మాట కాదు. మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లలో దీపాలార్పినదో మనకు తెలుసు. హిరమండలం జలాశయంనుండి మంచినీరు తెచ్చే పథకం, పలాసలో ఆ వ్యాధికి పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. గుక్కెడు మంచినీటికి ఇంత విలువ తెలిసిన చోట, నూతి గట్టున మందునీరు పారబోయడం తగని పని.

వేరుతొట్టెలో కొన్ని మొక్కలు మొదటి రెండు వారాలలో ఆకులు కరిగి, చచ్చినట్లు కనబడతాయి. నీటి వెలుపల పెరిగినవి నీటిలోనికి వచ్చినప్పుడు పాత ఆకులను విడిచి, కొత్త ఆకులు తొడుగుతాయి. వేరు గట్టిగా ఉన్నంతవరకు తొందరపడి పారవేయరాదు. అట్లే ఒక నత్త కనబడగానే శత్రువు వచ్చినదని బెదరనక్కరలేదు. మన చెరువు నత్తలలో అనేకం పాచిని, మిగిలిపోయిన మేతను తిని బ్రతికేవే. అవి వందలుగా పెరిగినవంటే మనము మేత ఎక్కువగా వేస్తున్నామని అర్థం.

ఇంతవరకు తొట్టిలోనికి వచ్చేదానిని గూర్చి చెప్పాను. తొట్టిలోనుండి పోయేదానిని గూర్చి కూడ ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. కత్తిరించిన కొమ్మలను, అక్కరలేని మొక్కలను చాలామంది కాలువలోనో చెరువులోనో వేస్తారు. పచ్చని ప్రాణమును చంపడమెందుకన్న దయతోనే వేస్తారు. ఆ దయ ఎంత దూరం పోయినదో వినండి. మన చెరువులలో హైడ్రిల్లా అనే నాచు ఉన్నది. ఇక్కడ అది సామాన్యమైన మొక్క. 1950వ దశకం మొదటి సంవత్సరాలలో ఆ మొక్కను సింహళంనుండి అమెరికాలోని ఫ్లారిడాకు గాజుతొట్టెల అలంకారానికై తీసుకువెళ్లారు. అక్కడి కాలువలో పడిన ముక్కలు బ్రతికినవి. 1960 నాటికి అది అక్కడి నదులలో, కాలువలలో వ్యాపించి ఉన్నట్లు కనుగొన్నారు. ఒక్క కణుపు ముక్క చాలును, మరల తీగ సాగుతుంది. పడవలు నడవకుండా, నీరు పారకుండా చేసిన ఆ మొక్కను అదుపులో పెట్టడానికి నేటికీ వారు విస్తారంగా ధనం వెచ్చిస్తున్నారు. మనకు గుర్రపుడెక్క వచ్చిన విధమూ ఇట్టిదే. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క దాని ఊదాపువ్వు అందానికి మెచ్చి తెచ్చినవారి వెంట పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాలు చేరినది. తరువాత అది పట్టని చెరువు లేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటేటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊరి చెట్లమీద గూళ్లు కట్టి, చుట్టుపట్ల తంపరలలో మేత వెదకుకుని పిల్లలను సాకుతున్నవి. ఆ నీళ్లు కప్పుబడిపోతే వాటికి మేత లేదు. మన గదిలోని తొట్టికీ ఆ తంపరకూ మధ్య ఉన్నది ఒక్క మురుగుకాలువ. కనుక కత్తిరించిన మొక్కలను ఎండలో పరచి, పూర్తిగా ఎండిన తరువాత తోటలో పాతిపెట్టవలెను. తొట్టి నీటిని చెట్టు మొదట పోయవలెను. కొబ్బరిచెట్టు ఆ నీటికి సంతోషిస్తుంది.

కొబ్బరి మాట వచ్చినది గనుక దానితోనే ముగిస్తాను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటి, తరాల నాటి తోటలను పడగొట్టినది. పోయిన చెట్ల స్థానంలో కొత్త మొలకలు తెచ్చి నాటుకొనవలసి వచ్చినది. ఆ కాలముననే మరొక ఆపద దేశమంతటా ప్రయాణం చేస్తున్నది. మధ్య అమెరికాలో పుట్టిన సర్పిలాకారపు తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద మొదటిసారి కనబడి, ఆకునుండి ఆకుకు, మొలకనుండి మొలకకు సాగి, మన కొబ్బరి తోటలకూ వచ్చినది. ఆకు అడుగున తెల్లని మైనపు చుట్లు, క్రింది ఆకులమీద నల్లని మసి, ఈ రెండు గుర్తులు నేడు ఉద్దానపు రైతుకు సుపరిచితములు. ఆ పురుగు సముద్రం దాటుతున్నప్పుడు ఎవరికీ కనబడలేదు. పచ్చని ఆకు మాత్రమే కనబడినది.

పది లీటర్ల గాజుతొట్టి చిన్న వస్తువే. కాని కొత్తగా వచ్చిన మొక్కను ఆకు త్రిప్పి చూడడం, నాలుగు వారాలు వేచి ఉండడం అలవాటైన పిల్ల, రేపు తోటలోకి మొలక తెచ్చినప్పుడు కూడ ఆకు త్రిప్పి చూస్తుంది. మా మనుమరాలు ఇప్పుడు అట్లే చేస్తున్నది. మా వరండాలో దోమతెర కట్టిన తొట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దానిమీద తేదీ వ్రాసిన కాగితం అంటించి ఉంటుంది. ఆ గడువు తీరకముందు నేనడిగినా మొక్కను ఇవ్వదు.